మాటలు అక్కర్లేని ఊరికి బస్సు

గొంతు వాచింది. డాక్టరు టార్చి వేసి చూసి, కొన్నాళ్ళపాటు నోరు తెరవొద్దన్నాడు. ఇంట్లో వాళ్ళకి పండగైంది. "ఆ డాక్టరు చల్లగుండాల" అని మా ఆవిడ వంటింట్లోంచే దీవించింది. మనవరాలు తన పలకా బలపం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

పలక మీద నేను రాసిన మొదటి ముక్క ఇది: "మౌనం నాకు కొత్త కాదు. మంచుకొండల మీద, ఇసక ఎడారుల్లో, నడిసముద్రంలో ఉండే మఠాలన్నీ తిరిగి అక్కడి సన్యాసుల దగ్గర నేర్చుకొచ్చాను."

ఆ పిల్ల నోరు తెరిచి నమ్మేసింది. మీరు నమ్మకండి. నేను ఏ మఠమూ చూడలేదు. మద్రాసు పోయాను, హైదరాబాదు పోయాను, ఒక పెళ్ళికి బెంగుళూరు పోయి భోజనం చేసి ఆ రాత్రికే వచ్చేశాను. నా దేశాటన అంతే. కానీ చిన్నప్పుడు ఒక వేసవిలో, ఉదయగిరిలో మా అవ్వ ఇంటి పంచలో చాప మీద కూర్చుని, ప్రపంచంలో ఉన్న గొప్ప మఠాలన్నీ చుట్టేశాను. నన్ను చుట్టించింది మా చిన్నమామ. ఆ వేసవంతా నాకు ఒకటే భయం. నేను చాప మీదే తిరుగుతున్నాను గానీ, మామ నిజంగానే వెళ్ళిపోతాడేమోనని.

నాయన ఉద్యోగం ఆత్మకూరులో. బడికి సెలవులిచ్చిన మర్నాడే నన్ను ఎర్రబస్సెక్కించి ఉదయగిరి తోలేసేవాళ్ళు. దిగేసరికి కొండ మీదినించి దిగే వడగాలి చెంపలు వాయించేది. అవ్వ ఇంట్లో మాత్రం చల్లగా ఉండేది. మట్టి గోడలు, తాటాకు కప్పు, కొండవాళ్ళు తెచ్చి అమ్మిన, షర్బతు కాచే నన్నారి వేర్ల వాసన. ఆ వాసన మీద అవ్వ కాచే ఎండుచేపల పులుసు వాసన.

అవ్వ వయసులో ఉన్నప్పుడు మిషను బంగళాలో వంటమనిషి. సంగటి కెలికిన చేత్తోనే ఇసక పోసిన కుండలో కేకు కాల్చేదంట. బంగళాలో ఉండిన తెల్లదొరసాని తన దేశానికి వెళ్ళిపోతా అవ్వకి ఒక లాంతరు, రెండు గిన్నెలు, బరువైన ఒక బొమ్మల పుస్తకం ఇచ్చిపోయింది. లాంతరు పగిలింది. గిన్నెలు సొట్టలు పోయాయి. పుస్తకం అంచులు చెదలు తిన్నాయి గానీ, నడిమధ్య బొమ్మలు అట్టాగే మిగిలాయి. అవన్నీ దేశదేశాల మఠాలు.

మామ అవ్వకి ఆఖరి బిడ్డ. మామకి ముందు ఇద్దరు పురిట్లోనే పోయారు. మామ కడుపులో ఉన్నప్పుడు అవ్వ మిషను గుడిలో మోకాళ్ళ మీద పడి, "ఈ బిడ్డ బతికితే నీకే ఇస్తానయ్యా, నీ వాక్యం చెప్పేదానికే పెంచుతా" అని మొక్కుకుంది. మా వాళ్ళలో అట్టా దేవుడికిచ్చిన బిడ్డ పెద్దయ్యాక పాస్టరు ట్రైనింగుకి పోవాల్సిందే. ఊరందరికీ తెలుసు. వీధిలో గోళీలాడే వయసులోనే మామని "ఏం పాస్టరయ్యా" అని పిలిచేవాళ్ళు.

బిడ్డ బతికాడు. నత్తితో బతికాడు.

పాట పాడితే నత్తి ఉండదు. గుడిలో మామ పాడితే బయట మేకలు కాసే వాళ్ళు కూడా కంచె దగ్గర ఆగేవాళ్ళు. మాటకొచ్చేసరికి మాత్రం మొదటి అక్షరం దగ్గర గొంతు పట్టేసేది. మెడ నరాలు ఉబికేవి, కళ్ళలో నీళ్ళు తిరిగేవి. అవ్వకి ఓపిక తక్కువ. కొడుకు మాట సగంలో ఉండగానే అందుకుని తనే పూర్తి చేసేది. "అ... అమ్మా, స... స..." అంటే "సంగటా? పెడతా కూర్చో." మామ అడిగింది సబ్బు. సంగటి తిని, సబ్బు లేకుండానే స్నానం చేసి వచ్చేవాడు.

"వీడికి నత్తి గదా అవ్వా, వాక్యం ఎట్టా చెప్తాడు?" అని నేనొకసారి అన్నాను. అవ్వ గరిటె ఎత్తింది.

"నత్తి ఏంది నత్తి? బైబిల్లో, ఐగుప్తులోనించి అంత జనాన్ని తోలుకొచ్చినాయనకి లేదా నత్తి? ఆయన పని ఆగిందా? మామని పట్టుకోని వీడంటావా, నోరు కాలుస్తా."

ఆ ఏడు మామని ట్రైనింగుకి పంపాలని నిర్ణయమైంది. మా పాలెంలో ఆడవాళ్ళు పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ, బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో దేవుడి పేరున వేసేవాళ్ళు. కడుపు నిండని రోజైనా సరే, వండింది గుప్పెడైనా సరే, అందులోంచి పిడికెడు పోవాల్సిందే. ఆ ఏడాది పిడికెడు బియ్యమంతా మామ చదువుకేనని స్త్రీల సమాజం తీర్మానించింది. ఆదివారం ఆదివారం డబ్బాలు తెచ్చి అవ్వ ఇంటి మూల గోతంలో గుమ్మరించేవాళ్ళు. గోతం ఉబ్బే కొద్దీ మామ చిక్కిపోతూ వచ్చాడు. భోజనానికి కూర్చుంటే ఆ మూలకి వీపు పెట్టి కూర్చునేవాడు.

మధ్యాహ్నం అవ్వ సంగటి తిని నడుం వాల్చగానే మామ పుస్తకం దించేవాడు. ఆకాశంలోకి లేచిన రాతి స్తంభం, దాని నెత్తిన ఒక మఠం. మెట్లు లేవు. పైనుంచి తాడు వదిలితే సన్యాసి వలలో కూర్చుంటాడు, పైవాళ్ళు లాగుతారు. ఇంకో పేజీలో ఎర్రటి కొండ కింద ఎడారి, కోటగోడలాంటి గోడ. మరొకదాంట్లో సముద్రం మధ్య నల్లరాయి, దాని మీద బోర్లించిన కుండల్లాంటి రాతి గుడిసెలు. ఆఖరున మన హిమాలయాల వైపుది. కొండ చరియకి కందిరీగ గూడులా అతుక్కున్న తెల్లటి మఠం, దాని కింద మబ్బులు.

బొమ్మల కింద ఇంగ్లీషంతా నేనే చదివి మామకి అర్థం చెప్పేవాణ్ణి. ఇట్టా అని చాలామందికి చెప్పాను. చదివేవాణ్ణన్నది నిజం. అర్థం మాత్రం ముక్కాలు భాగం నా సొంతం. వలలో కూర్చున్న సన్యాసికి పైనుంచి వేడివేడి బోండాలు కూడా దించుతారని ఒకరోజు చెప్పాను. మామ అన్నీ విన్నాడు. కానీ ఆ తెల్లటి మఠం బొమ్మ కింద, నాకు కచ్చితంగా అర్థమైన వాక్యం ఒకటుంది. ఈ మఠంలో సన్యాసులు మాట్లాడరు, అని. అది చెప్పినప్పుడు మామ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"మ... మళ్ళీ చదువురా."

మళ్ళీ చదివాను.

"ద... దేవుడు ఒప్పుకుంటాడా? మా... మాట్లాడకపోయినా?"

"రాసుండాదిగా మామా. అచ్చేసినారు."

ఆ రోజునుంచి మామకి మఠాలు ఆట కాదు. ఏ కొండకి ఏ దారి, ఏ సముద్రం దాటాలి, చలికి ఏం కప్పుకోవాలి, అన్నీ నన్ను అడిగేవాడు. నేను చెప్పేవాణ్ణి. చెప్తూ చెప్తూ నాకే భయం మొదలైంది. మామ నవ్వడం లేదు.

ఈతపళ్ళకని కొండ మొదటికి పోయినప్పుడు చెప్పేశాడు. పళ్ళు కొయ్యలేదు. రాయి మీద కూర్చుని పుల్ల విరుస్తూ, నా మొహం చూడకుండా చెప్పాడు. వచ్చే ఆదివారం గుడిలో వాక్యం చెప్పమన్నారు. ట్రైనింగుకి పోయేవాడు ముందు సొంత సంఘం ముందర ఒకసారి చెప్పి చూపించాలి. తన వల్ల కాదు. కాకపోతే అమ్మ మొహం చూడలేడు.

"పో... పోతానురా."

"యాడికి మామా?"

"ఆ తె... తెల్లదానికి. మబ్బులుండే దానికి. అది మ... మన పక్కనే గదా. బస్సు ఉంటాది." నా నెత్తిన చెయ్యి పెట్టాడు. "అమ్మకి చె... చెప్పబాక."

అమ్మతోడు చెప్పనన్నాను. మాటైతే ఇచ్చాను గానీ, మామని పోనివ్వదల్చుకోలేదు. మామకి ఉన్నది ఒకే జత చెప్పులు. చెప్పులు లేకపోతే ఎండలో ఎక్కడికీ పోలేడని నా తెలివి. వాటిని ఎత్తుకుపోయి అటక మీద పొయ్యి కట్టెల వెనక దాచాను. కుక్క లాక్కుపోయిందని వెతికి వెతికి ఊరుకున్నాడు. అవ్వ ఏ పాపం తెలియని వీధి కుక్కని రోకలితో తరిమింది.

ఆదివారం వచ్చింది. రాళ్ళతో కట్టిన పాతకాలం గుడి. సున్నం వాసన, కప్పులో గబ్బిలాల కంపు, ఆడవాళ్ళ తలల్లో కనకాంబరాలు. అవ్వ ముందు వరసలో, పెట్టెలోంచి తీసి మడత విప్పిన చీర కట్టుకుని కూర్చుంది. మామ తెల్లచొక్కా వేసుకుని వాక్యం చెప్పే బల్ల దగ్గరికి, వట్టి కాళ్ళతో పోయాడు. గుడిలో అందరివీ వట్టి కాళ్ళే గానీ, చెప్పులు దాచిన నాకు ఆ కాళ్ళే కనపడ్డాయి.

నోరు తెరిచాడు. మెడ నరాలు లేచాయి. "ద..." అన్నాడు. అంతే. రెండో అక్షరం రాలేదు. బల్ల అంచులు రెండు చేతులతో పట్టుకున్నాడు. చెమట చుక్క ముక్కు చివర ఆగింది. నాకు లేచి పారిపోవాలనిపించింది. అవ్వ పెదాలు కదులుతున్నాయి, ఆ మాట తనే అందుకోవాలని. అంతమందిలో ఆమెకీ కుదరలేదు. చివరికి మామ నోరు మూసుకుని, కళ్ళు కూడా మూసుకున్నాడు.

ముందు వరసలో చెవులు మందగించిన సంఘపెద్ద ఒకాయన ఉండేవాడు. మామ కళ్ళు మూసుకోవడం చూసి, ప్రార్థన అనుకుని ఆయనా తల వంచి కళ్ళు మూసుకున్నాడు. పెద్దాయన వంచాక పక్కాయన వంచాడు. ఆడవాళ్ళు కొంగులు తల మీదికి లాక్కున్నారు. గాజుల చప్పుడు ఒక కొసనుంచి ఇంకో కొసకి పోయి ఆగిపోయింది. మా గుడిలో ప్రార్థనంటే పక్క వీధికి వినపడాలి. అట్టాంటిది, ఎవరూ నోరు మెదపలేదు. ఎంతసేపు? గంట అని చెప్పుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. మా సంఘం గంటసేపు నోరు కట్టేసుకోవడం కల్ల. ఒక పొడుగాటి పాట పాడేంత సేపు ఉంటుందేమో. ఆ నిశ్శబ్దంలో వెనకనుంచి ఎవరో వెక్కడం మొదలుపెట్టారు. ఆ ఏడు కొడుకుని పాము కరిచి పోగొట్టుకున్న ఒకామె. కొడుకు పోయిన రోజు కూడా ఏడవకుండా రాయిలా కూర్చుందని అందరూ చెప్పుకునేవాళ్ళు. ఆమె వెంట ఇంకొకరు, ఇంకొకరు. చివరికి పెద్దాయన గట్టిగా "ఆమేన్" అన్నాడు. అందరూ "ఆమేన్" అన్నారు. మామ కళ్ళు తెరిచి, ఏం జరిగిందో తెలియక నా వైపు చూశాడు.

బయటికి వచ్చాక ఒక్కొక్కరే చెయ్యి పట్టుకుని ఊపారు. "ఏం ప్రార్థన చేయించినావబ్బా! మాటల్తో చెప్పేవాళ్ళు సవాలక్షమంది ఉండారు" అన్నాడు సంఘపెద్ద. ట్రైనింగుకి ఆ వారంలోనే పంపుదామని అక్కడికక్కడే తేల్చేశారు.

మధ్యాహ్నం అవ్వ నాటుకోడి కోసింది. మామ ముక్క ముట్టలేదు.

"అమ్మా, అ... అది ప్రా... ప్రా..."

"ప్రార్థనే నాయనా! ప్రార్థన గాకేంది? అదే గదా పొద్దుటినించీ ఊరందరికీ చెప్తా ఉండా." అవ్వ ఇంకో గరిటె పులుసు పోసింది.

కాదు అనే మాట మామ నోట్లోనే ఉండిపోయింది. నాకు తెలుసు. నేనూ చెప్పలేదు. మాట ఇచ్చాను కదా అని మీతో అంటున్నాను గానీ, అసలు సంగతి గరిటె.

రేకుపెట్టె వచ్చింది, కొత్త దుప్పటి వచ్చింది. బయల్దేరాల్సిన రోజు పొద్దున్నే లేచి చూస్తే మామ లేడు. పెట్టె ఉంది, దుప్పటి ఉంది, బియ్యం గోతం ఉంది. అటక మీద చెయ్యి పెట్టి చూశాను. చెప్పులు కూడా అక్కడే ఉన్నాయి. రోడ్డు మీద తారు కరిగే ఎండాకాలంలో మామ వట్టి కాళ్ళతో పోయాడు.

అవ్వ బావి దగ్గర చూసింది. బావి చుట్టూ రెండుసార్లు తిరిగి, లోపలికి వంగి పేరు పెట్టి పిలిచింది. ఆ పిలుపు విన్నాక నా వల్ల కాలేదు.

"బావిలో లేడవ్వా. బస్సెక్కినాడు."

"యాడికి?"

"సన్నాసుల దగ్గరికి. ఆ దొరసాని పుస్తకంలో ఉండే... ఆ మాట్లాడని సన్నాసుల దగ్గరికి."

అవ్వ నన్ను కొట్టలేదు. కొడితే బాగుండుననిపించింది. కొంగు నడుముకి దోపుకుని, "పా, బస్టాండుకి" అంది. చెప్పులు చంకలో పెట్టుకుని వెంట పరిగెత్తాను. తొలిబస్సుకి ఆత్మకూరు పోయాడని అక్కడ టీకొట్టాయన చెప్పాడు.

ఆత్మకూరు బస్సు అంత మెల్లగా పోవడం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. దుత్తలూరులో కోళ్ళ గంపలు ఎక్కించేదానికి ఆగింది. ఎదురుగా వచ్చే ప్రతి బస్సునీ అవ్వ కిటికీలోంచి తల బయట పెట్టి చూసింది. పక్కనామె ఉడకబెట్టిన చెనిక్కాయలు పెడితే వద్దంది. బస్సెక్కితే డ్రైవరు పెళ్ళిసంబంధాల దాకా విచారించే మనిషి, ఆ రోజు ఒక్క మాట మాట్లాడలేదు. మామ అప్పటికే నెల్లూరు దాటి మద్రాసు రైలెక్కేసుంటాడని, దొరకడని, అవ్వ మళ్ళీ బావి దగ్గరికే పోతుందని నా భయం.

ఆత్మకూరు బస్టాండులో దిగగానే చూశాను. ఎంక్వైరీ కిటికీకి ఎదురుగా సిమెంటు బెంచీ మీద, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని మామ కూర్చుని ఉన్నాడు. అరికాళ్ళు పొక్కులెక్కి ఎర్రగా ఉన్నాయి. తొలిబస్సుకి దిగాడంట. మధ్యాహ్నం దాటింది. అప్పటిదాకా అక్కడే.

అవ్వ స్తంభం చాటున ఆగిపోయి నన్ను ముందుకి తోసింది. చెప్పులు మామ కాళ్ళ దగ్గర పెట్టాను. మామ చెప్పులకేసి, నాకేసి చూశాడు. కోపం రాలేదు. పెదాలు ఎండి అతుక్కుపోయాయి. కిటికీ వైపు చూపించాడు.

"ను... నువ్వు అడుగురా."

అప్పుడు అర్థమైంది. పొద్దుటినుంచీ లేవడం, కిటికీ దాకా పోవడం, వెనక వరస పెరగడం చూసి మళ్ళీ వచ్చి కూర్చోవడం. ప్రపంచమంతా తిరగాల్సిన మనిషి, ఫలానా ఊరికి బస్సెప్పుడని అడగలేక ఆత్మకూరులో ఆగిపోయాడు.

కిటికీ దగ్గరికి పోయాను. జాలీ వెనక ఆయన కళ్ళజోడు పైకెత్తి, "ఏంది అబ్బయా, యాడికి?" అన్నాడు. ఆ క్షణంలో నేను ధైర్యంగా హిమాలయాలకి బస్సు అడిగానని మా పిల్లలకి చెప్పాను. అబద్ధం. అడిగితే మామ పోతాడు. అడక్కపోతే మామ ఆ బెంచీ మీదే ఉంటాడు. అంత వాగుడుకాయని, నాకు నోరు పెగల్లేదు.

"జరుగు" అని నా భుజం పక్కకి నెట్టింది ఒక చెయ్యి. అవ్వ. జాలీకి మొహం ఆనించి గట్టిగా అడిగింది.

"సామీ, మాట్లాడని సన్నాసులుండే ఊరికి బస్సు ఎప్పుడుండాది?"

వరసలో ఎవరో నవ్వారు. "యా ఊరమ్మా అది? పేరు చెప్పు" అన్నాడాయన.

అవ్వ బెంచీ వైపు తిరిగింది. "పేరు చెప్పమంటా ఉండాడ్రా. యా ఊరో చెప్పు."

మామ లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. మెడ నరాలు లేచాయి. నేను అవ్వ మొహం చూశాను, ఇప్పుడు అందుకుంటుందని. అందుకోలేదు. రెండు పెదాలూ బిగించి, కొడుకు నోటికేసి చూస్తూ నిలబడింది. వెనక వరస గొణిగితే, "ఉండండయ్యా, బిడ్డ చెప్తా ఉండాడు" అంది. నెల్లూరు బస్సొకటి వచ్చి, జనాన్ని దింపి, ఎక్కించుకుని, హారను కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. అవ్వ కదల్లేదు.

మామ చివరికి ఏదో పెద్ద మఠం పేరు చెప్పాడని రాస్తే మీకు బాగుండేది. మామ చెప్పింది ఇది.

"అమ్మా, నీ... నీళ్ళు."

పొద్దుటినుంచీ నీళ్ళు కూడా ఎవరినీ అడగలేదు.

అవ్వ చలివేంద్రం దగ్గరికి పరిగెత్తింది. చెంబు ఎత్తుకునే వచ్చేసింది, ఇవ్వనన్న వాణ్ణి తోసేసి. మామ తాగాడు. చొక్కా అంతా తడిసింది. అవ్వ కొంగుతో కొడుకు గడ్డం తుడుస్తూ, ఎటో చూస్తూ అంది.

"పిడికెడు బియ్యం ఆడోళ్ళకి నేను చెప్పుకుంటాలే. నువ్వు మెల్లగా తాగు."

మర్నాటినుంచి గోతం నా చేత మోయించుకుని అవ్వ ఇల్లిల్లూ తిరిగింది. అది ప్రార్థన కాదమ్మా, మావాడికి మాట రాలేదు, నేనే తొందరపడినా, మీ బియ్యం మీరు తీసుకోండి, అని. తిట్టిన వాళ్ళున్నారు. "దేవుడికి చెప్పిన మాటే తప్పినావు, మాకొక లెక్కా" అన్నవాళ్ళున్నారు. అవ్వ ఎదురు చెప్పకుండా గోతం మూతి విప్పి నిలబడేది. పాము కరిచి కొడుకు పోయినామె మాత్రం డబ్బా లోపలనుంచి తేలేదు. "అది ప్రార్థన కాదంటే నేనొప్పుకోనత్తా" అని తలుపు దగ్గరగా వేసుకుంది. అవ్వ ఆ గుమ్మం ముందర చాలాసేపు నిలబడి, గోతం ఎత్తమని నాకు సైగ చేసింది.

అవ్వ పోయి చాలాకాలమైంది. బంగళా కూలింది, తాటాకిళ్ళు పోయాయి. పిడికెడు బియ్యం డబ్బాలు ఇప్పుడు ఎన్ని ఇళ్ళలో ఉన్నాయో తెలీదు. మామ ఉదయగిరిలోనే చెక్క చెంచాలు చెక్కేవాళ్ళ దగ్గర పని నేర్చుకుని, దాంతోనే సంసారం ఈదాడు. మా మామ మంచుకొండల్లో పెద్ద సన్యాసి అని నేను ఆఫీసులో చెప్పాను. ఒకాయన దర్శనానికి తీసుకుపొమ్మని నా వెంటపడితే తప్పించుకోలేక చచ్చాను.

మొన్న వేసవిలో పోయినప్పుడు మామ పక్కన కూర్చుని అడిగాను. "మామా, ఇప్పుడైనా పోదాం పా. విమానంలో తోలుకపోతా."

మామ చెంచా గుంట గీస్తూనే ఉన్నాడు. చెక్కపొట్టు ఊదాడు. వేలితో నునుపు చూశాడు. అప్పుడన్నాడు.

"కి... కిటికీ కాడ అడిగేదానికి అమ్మ లేదు గదరా."

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాననే రాయాలని ఉంది.